ఐదు శనగలు తక్కువ

గిన్నెలో పది శనగలే ఉన్నాయి. భవిత పదిహేను అనుకుంటోంది.

బేస్‌మెంట్ మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు మీద, వేళ్ల కొసలు మాత్రం గోడకు ఆనించి, భవిత కుడికాలి మునివేళ్ల మీద నిలబడింది. ఎడమకాలు వెనక్కి మడిచింది. కుడి మడమ మెట్టు అంచు దాటి గాలిలో ఉంది. ఆ మడమకు మూరెడు దూరంలో ప్లాస్టిక్ స్టూలు మీద తల్లి సరోజన కూర్చుంది. ఒళ్లో రెండు స్టీలు గిన్నెలు. కుడి గిన్నెలో కాబూలీ శనగలు. ఎడమ గిన్నె ఖాళీ.

"మొదలుపెడుతున్నా," అంది భవిత గోడకేసి చూస్తూనే.

మడమ లేచింది. ఆపరేషన్ గీత కింద నరం తాడులా బిగిసింది. మడమ పైదాకా వెళ్లి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా దిగింది.

"లాభం," అని సరోజన ఒక శనగ తీసి ఎడమ గిన్నెలో వేసింది. టక్కుమంది.

మిర్యాలగూడలో ఇరవై రెండేళ్లు బియ్యం కొట్టులో కూర్చుని మానికతో కొలిచిన చెయ్యి అది. కొలిచేవాళ్లు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. ఇక్కడ కూడా సరోజన ఆ మొదటి మాట ఒక్కటే పైకి అంటుంది. మిగతా లెక్క శనగల చప్పుడే చెబుతుంది. చప్పుడు ఆగిపోతే గిన్నె ఖాళీ అయినట్టు, గిన్నె ఖాళీ అయితే సెట్టు అయినట్టు. పొద్దున మూడు సెట్లు, సాయంత్రం మూడు.

ఈ ఏర్పాటు పెట్టింది సరోజనే. పిక్క మండుతుంటే లెక్క తప్పిపోతున్నానని భవిత విసుక్కుంటే, "నువ్వు కాలు సంగతి చూసుకో బిడ్డా, లెక్క నాకిడిచిపెట్టు" అంది. మొదటి నాలుగు రోజులూ పదిహేను శనగలూ పెట్టింది. అప్పట్లో రెండు కాళ్ల మీద లేచి, దిగేటప్పుడు మాత్రం ఆపరేషనైన కాలు మీద దిగడమే. నాలుగో రోజు, పన్నెండో శనగ దగ్గర, మడమ దిగుతుంటే లోపల ఎక్కడో చిటుక్కుమంది. భవిత "ఏం కాదమ్మా, కీలు చప్పుడు" అని మళ్లీ లేచింది. సరోజన చేతిలోని శనగ మాత్రం చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది. కుట్టు ఊడిందా, నరం మళ్లీ తెగిందా, ఈ మంచుదేశంలో అంబులెన్సుకు ఏ నంబరు కొట్టాలి, ఎవరితో ఏ భాషలో చెప్పాలి? ఆలోపే ఆమె కూతుర్ని చక్రాల కుర్చీలో కూడా చూసేసింది.

మర్నాడు గిన్నెలో పన్నెండే పెట్టింది. ఆ పై వారం పది. తర్వాత లేవడం కూడా ఒంటికాలితోనే అన్నారు, అయినా గిన్నెలో పదే. తీసిన ఐదు శనగలూ పోపుల డబ్బాలో మెంతుల అడుగున ఉన్నాయి.

శనగలు తగ్గించడం మొదలై ఏడు వారాలైంది.

పదో శనగ పడింది. పిక్క వణుకుతుండగానే భవిత మడమ దించి, గోడకు నుదురు ఆనించింది.

"సెట్టు అయిందా?"

"అయింది."

"రేపు హెదర్ ముందు ఇరవై కొట్టాలమ్మా. ఇరవై కొడితే ఫారం మీద సంతకం పెట్టేస్తుంది."

భవిత వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ముసలివాళ్లను లేపడం, నడిపించడం, స్నానం చేయించడం, అంతా కాళ్ల మీద పని. జూన్‌లో బ్యాడ్మింటన్ ఆడుతూ మడమ నరం తెంపుకుని సెలవు మీద ఉండి వచ్చాక, మూడు నెలల నుంచి వాళ్లు డెస్కు దగ్గర ఫోన్లు ఎత్తే పని ఇచ్చారు. ఇక అది కుదరదని మేనేజర్ మెయిల్ పెట్టింది. శుక్రవారంలోగా ఫిజియోథెరపిస్టు హెదర్ సంతకంతో ఫారం రావాలి. పూర్తి డ్యూటీకి పనికొస్తుందని అయినా ఉండాలి, ఫలానా తేదీకి పనికొస్తుందని అయినా ఉండాలి. రెండూ లేకపోతే ఆ పోస్టులో ఇంకొకరిని తీసుకుంటారు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండేందుకు పెట్టిన భవిత PR అప్లికేషన్ మొత్తం ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. వర్క్ పర్మిట్ మార్చి దాకానే.

పై తలుపు తెరుచుకుని చల్లగాలి లోపలికి కొట్టింది. కాఫీ షాపులో షిఫ్టు ముగించుకుని, మంచు బూట్లు చేత్తో పట్టుకుని రిషిత దిగి వస్తోంది. భవితతో కలిసి ఈ బేస్‌మెంట్‌ను అద్దెకు తీసుకున్న పిల్ల, హనుమకొండది, కాలేజీలో చదువుతోంది.

"ఆంటీ, మెట్ల మీద టోల్‌గేట్ పెట్టిండ్రా ఏంది? ఎప్పుడొచ్చినా ఆగుడే."

"ఇంకా రెండు సెట్లున్నయ్. ఆడనే కూసో," అంది భవిత.

రిషిత రెండు మెట్లు పైన కూలబడి గిన్నెలోకి తొంగిచూసింది. "శనగలను గుగ్గిళ్లు చెయ్యకుండ లెక్కలు చెప్పిచ్చేది లోకంల మీరొక్కరే ఆంటీ. ఎన్నుంటయివి?"

సరోజన అరచెయ్యి గిన్నె మీదికి వెళ్లింది.

"పదిహేను," అంది.

ఇన్నాళ్లూ చేతితో ఆడిన అబద్ధాన్ని నోటితో ఆడడం అదే మొదటిసారి.

*

సోమవారం పొద్దున క్లినిక్‌కు వెళ్లడానికి డార్ట్‌మౌత్ నుంచి ఫెర్రీ పడవ ఎక్కారు. ఇంటి నుంచి ఫెర్రీ దాకా సరోజన కూతురికి రెండడుగులు ముందే నడిచింది. ఒక చేతిలో పాత కాఫీ డబ్బా, అందులో మంచు కరిగించే రాతి ఉప్పు. ఫుట్‌పాత్ మీద ఎక్కడ నల్లగా మెరిసినా ముందు తన బూటు పెట్టి రాసి చూసింది, జారితే గుప్పెడు ఉప్పు చల్లింది. దారిన పోయే పెద్దాయన ఒకడు నవ్వి ఏదో అన్నాడు.

"సిటీ వాళ్లు నీకు జీతమియ్యాలంటుండు," అంది భవిత.

"ఇయ్యకున్నా మంచిదే. నువ్వు కిందికి చూసి నడువు."

క్లినిక్‌లో హెదర్ నవ్వుతూ ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మోచేతుల దాకా మడిచిన స్వెటర్. భవిత ప్యాంటు మోకాలి దాకా మడిచి రెండు పిక్కల చుట్టూ టేపు పెట్టి కొలిచింది. కుడిది రెండు సెంటీమీటర్లు తక్కువని సరోజనకు టేపు మీద కనబడింది. తర్వాత రెండు చిన్న స్టాండ్ల మధ్య ఒక దారం కట్టి, భవిత వెనకాల నేల మీద పెట్టింది.

"మడమ ఆ దారానికి తగలాలంట. తగిలితేనే లెక్క," అని భవిత తల్లికి చెప్పింది.

ఫోనులో టిక్కు టిక్కుమనే చప్పుడు పెట్టింది హెదర్. ముందు ఎడమకాలు. సరోజనకు ఇంగ్లీషు రాకపోయినా అంకెలు తెలుసు. ట్వెంటీ సిక్స్ దగ్గర ఆగింది. తర్వాత కుడికాలు. వన్, టూ, త్రీ. ప్రతిసారీ మడమ దారాన్ని కొంచెం పైకి నెట్టి దిగుతోంది. ఎనిమిది దగ్గర పిక్క వణకడం మొదలైంది. పది దాటింది. పదకొండు దగ్గర దారం కదిలీ కదలనట్టు కదిలింది. పన్నెండోసారి మడమ సగం లేచి ఆగిపోయింది. భవిత పళ్లు బిగించి మళ్లీ లేపింది. సగమే. మెడ మీద చెమట దిగుతోంది. హెదర్ ఫోను చప్పుడు ఆపేసింది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా సరోజన ముఖాల మీదే చదువుకుంది. హెదర్ ఫైలు చూసింది, కాలు చూసింది, మళ్లీ ఫైలు చూసింది. ఏదో అడిగింది. భవిత గట్టిగా తలూపింది, ఎవ్రీ డే అంది, నైంటీ అంది. హెదర్ నొసలు ముడివడింది. భవితను బోర్లా పడుకోబెట్టి, బల్ల అంచు దాటి వేలాడుతున్న రెండు పాదాల వంపునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

తిరుగు ఫెర్రీలో భవిత కిటికీ పక్కన కూర్చుంది. అద్దం మీద ఉప్పునీటి చారలు. ఎదురు సీట్లో ఇద్దరు నావికాదళం కుర్రాళ్లు ఒక ఫోనులోకి చూస్తూ నవ్వుకుంటున్నారు.

"ఏమన్నదే?"

"రోజుకు తొంభైసార్లు చేసేదానివి పదకొండు దగ్గర ఆగిపోవుడేంది అన్నది." భవిత గొంతులో తడి లేదు. ఫారం చదువుతున్నట్టే చెప్పింది. "ఇంత చేసినా పిక్క రాలేదంటే నరం సాగిపోయి ఉండొచ్చంట. సాగిన రబ్బరు లెక్క. సాగితే పిక్కెంత లాగినా మడమ లేవదంట. పాదం వంపుల కూడా పిసరంత తేడా ఉందంట. శుక్రవారం ఇంకోసారి చూస్తది. అప్పుడు కూడా ఇంతే ఉంటే, ఇంతకంటే మెరుగయ్యే సూచన లేదు అని రాయాల్సి వస్తదంట."

"అట్ల రాస్తే?"

"తేదీ ఉండదు కదమ్మా. తేదీ లేకపోతే పోస్టు లేదు."

సరోజన నోరు తెరిచింది. తొంభై కాదు బిడ్డా, అరవై. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురు సీటు కుర్రాళ్లు పెద్దగా నవ్వారు. భవిత వంగి, బూటు పైనుంచే మడమ వెనక బొటనవేలితో నొక్కి చూసుకుంది.

"చలికి బిగుసుకపోయుంటది," అంది సరోజన.

*

కొలత దిద్దుకుంటే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు. సోమవారం అంతా సరోజన ఆ మాటే తనకు తాను చెప్పుకుంది. మంగళవారం పొద్దున, భవిత పళ్లు తోముకుంటుండగా పోపుల డబ్బా తీసి, మెంతుల అడుగున వేలు పెట్టి ఐదు శనగలూ ఏరింది. చీర చెంగుతో తుడిచి గిన్నెలో వేసింది. పదిహేను. రెండుసార్లు లెక్కపెట్టింది.

మొదటి సెట్టులో పదకొండు శనగలు పడ్డాయి. పన్నెండోసారి మడమ లేవలేదు.

భవిత ఆగింది. "ఇంకా ఎన్నున్నయమ్మా?"

"నాలుగు."

"నాలుగా?"

గోడ మీది వేళ్లు అరచేతులయ్యాయి. మళ్లీ లేపబోయింది. మడమ అంగుళం లేచి, వణికి, దిగిపోయింది. రెండో సెట్టులో తొమ్మిది దగ్గరే ఆగింది. భవిత మెట్టు మీద కూర్చుండిపోయింది. కుడికాలు ఎడమ తొడ మీద వేసుకుని, ఆపరేషన్ గీత మీద పైనుంచి కిందికి వేలితో రాసింది, ఎక్కడైనా గుంట తగులుతుందేమోనని వెతుకుతున్నట్టు.

"మొన్న ఆదివారం పదిహేను చేసిన. మూడు సెట్లు చేసిన. ఇయ్యాల పదకొండు. రెండు రోజులల్ల నాలుగు పోయినయ్."

"అట్ల కాదు బిడ్డా..."

"ఇంకెట్ల అమ్మా? హెదర్ చెప్పింది అదే. సాగిపోతుంది. రోజురోజుకు సాగిపోతుంది."

సరోజన గిన్నెలోని నాలుగు శనగలనూ చూస్తూ కూర్చుంది. సరిగ్గా కొలిచింది. సరిగ్గా కొలిచినందుకే బిడ్డ కాలు చచ్చిపోయిందనుకుంటోంది. ఇప్పుడు మళ్లీ ఐదు తీసేస్తే రేపు మొహం వెలుగుతుందా? ఆ ఆలోచన రాగానే ఆమెకు తన చేతులంటేనే భయం వేసింది.

బుధవారం భవిత మెట్టు ఎక్కనే లేదు. డెస్కు డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. సరోజన అన్నం కలిపి ముద్ద పెట్టబోతే తల తిప్పుకుంది.

"ఎవరికి రాస్తున్నవ్?"

"మేనేజర్‌కు. శుక్రవారం దాకా వాళ్లను ఆపుడెందుకు? నాతోని కాదు, వేరేవాళ్లను చూసుకోండ్రి అని నేనే చెప్తే మర్యాదగా ఉంటది."

"శుక్రవారం దాకా ఆగు."

"ఎందుకు?"

ఎందుకో చెప్పడానికి అదే సమయం. గదిలో ఇద్దరే ఉన్నారు. సరోజన చేతిలో పెరుగన్నం ముద్ద ఉంది. ఇప్పుడు చెబితే ఈ పిల్ల తన చేతి ముద్ద మళ్లీ తినదేమో అనిపించింది. ఇంకెప్పుడూ లెక్క అప్పగించదేమో. మళ్లీ ఏదైనా అయితే ముందు తనకు చెప్పదేమో.

"నేను చెప్తున్న గదా, ఆగు," అంది.

భవిత మెయిల్ పంపలేదు. ల్యాప్‌టాప్ అలాగే తెరిచి పెట్టి పడుకుంది.

గురువారం మధ్యాహ్నం కాలేజీ లేని రిషిత పొయ్యి దగ్గర పప్పుకు పోపు పెడుతోంది. సరోజన కొత్తిమీర తరుగుతోంది. మంగళవారం ఆ ఐదు శనగలనూ ఆమె మళ్లీ డబ్బాలోనే దాచింది. ఎందుకో ఆమెకే తెలియదు. చేతికి అలవాటైన చోటు అది.

"ఆంటీ, మెంతులల్ల శనగలెందుకున్నయ్?"

కత్తి ఆగింది.

రిషిత ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంది. "ఒకటి, రెండు... ఐదు." నవ్వబోయి ఆగింది. మూలన స్టూలు మీదున్న గిన్నెల వైపు చూసింది. మళ్లీ అరచేతిలోకి చూసింది. పొయ్యి మీద ఆవాలు చిటపటలాడి మాడిపోయాయి. రిషిత మంట ఆర్పేసింది.

"ఎన్ని రోజులైంది ఆంటీ?"

"ఏడు వారాలు."

"ఎందుకు చేసిండ్రు?"

"చిటుక్కుమన్నది," అంది సరోజన. "లోపల చిటుక్కుమన్నది. నాకు ఇనొచ్చింది."

రిషిత సరోజన చెయ్యి పట్టుకుని, ఐదు శనగలనూ అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"నేను చెప్పను ఆంటీ. నేను చెప్తే అది చాడీ అయితది. మీరు చెప్పుండ్రి. కానీ ఆమె కాలు ఖరాబైందనుకొని ఏడుస్తుంది. నిన్న కాఫీ షాపుకొచ్చి గంటసేపు ఏడ్చింది. మీ ముంగట ఏడుస్తే మీరు ఆగమైతరని ఆడికొచ్చింది."

సరోజన కొత్తిమీర ముందు అలాగే కూర్చుంది. కొట్టులో ఒకసారి ఒక ముసలామె, బియ్యం మూట సగం దూరం మోసుకుపోయి వెనక్కి వచ్చి, కొలత తక్కువైందేమో అంది. తప్పు లేదని తెలిసినా సరోజన ఆ మూట విప్పి, కిందపోసి, మానిక అంచు దాటి కుప్పగా నిలిచేలా మళ్లీ మొదటి నుంచి కొలిచింది. లాభం, రెండు, మూడు. ఆమె సరే అనేదాకా కొలిచింది. ఊరూ పేరూ తెలియని మనిషికి.

*

శుక్రవారం ఇద్దరూ మళ్లీ ఫెర్రీ ఎక్కారు. శనగలు సరోజన చేతిరుమాలు కొసన ముడివేసి ఉన్నాయి. ఉప్పు డబ్బా ఇంట్లోనే మరిచిపోయిన సంగతి ఆమె క్లినిక్ గుమ్మం దగ్గర గాని గమనించలేదు.

హెదర్ స్టాండ్లు పెట్టి దారం కట్టింది. భవిత బూటు విప్పుతోంది. బల్ల మీద ఫారం ఉంది, దాని మీద పెన్ను.

"భవితా, ఆగు," అంది సరోజన.

రుమాలు ముడి విప్పి ఐదు శనగలనూ ఫారం పక్కన పెట్టింది. ఒకటి దొర్లిపోతుంటే ఆపింది.

"నేను చెప్పేది ఈమెతోని చెప్పు. నువ్వు ఇంట్ల పదిహేను చెయ్యలే. పదే చేసినవ్. గిన్నెల నేను పదే పెట్టిన. నీకు తెల్వకుండ."

భవిత చేతిలో బూటు అలాగే ఉంది.

"ఏమంటున్నవమ్మా?"

"మొదలు మూడు తీసిన, ఆ తర్వాత ఇంకో రెండు. అప్పుడు లోపల చిటుక్కుమంటే తెగుతదని భయపడ్డ. మంగళవారం పదిహేను పెట్టిన. అందుకే నీకు అందలే. నీ కాలు సాగలే బిడ్డా. నీ కాలు నేను అడిగినన్ని చేసింది. అడిగింది నేను తక్కువ."

భవిత ముఖంలోకి రక్తం వచ్చి పోయింది. హెదర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా అడిగింది, "వాట్ ఈజ్ షీ సేయింగ్?"

భవిత బూటు నేల మీద పెట్టింది.

"చెప్పు," అంది సరోజన. "నా మొహం చూడకు. ఒక్క ముక్క తక్కువ చెయ్యకుండ చెప్పు."

భవిత హెదర్ వైపు తిరిగి, తల్లి వైపు చూడకుండా చెప్పింది. సరోజన చెప్పినదంతా నాలుగే ఇంగ్లీషు వాక్యాలైంది. మై మదర్ అని వినిపించింది. ఫిఫ్టీన్ అని వినిపించింది. టెన్ అన్న ఒక్క మాటను భవిత రెండుసార్లు అనాల్సి వచ్చింది.

హెదర్ ఒక శనగ తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీ లాక్కుని సరోజన ఎదురుగా కూర్చుంది. ఏ రోజు నుంచి, ఎన్ని, రోజుకు ఎన్నిసార్లు అని ఒక్కొక్కటే అడిగింది. భవిత పొడిగా తెలుగు చేస్తోంది, సరోజన జవాబు చెబుతోంది. నాలుగు రోజులు పదిహేను. ఒక వారం పన్నెండు. ఆరు వారాలు పది. మంగళవారం ఒక్కరోజు మళ్లీ పదిహేను. దేనికీ తడుముకోలేదు. హెదర్ అదంతా ఫైలులో రాసుకుంది.

ఆ తర్వాత భవితను బోర్లా పడుకోబెట్టి మళ్లీ పాదాల వంపు చూసింది. కొలబద్దతో కొలిచింది. కుడి పిక్కను పట్టుకుని నొక్కితే పాదం చటుక్కున కదిలింది. ఎడమది కూడా నొక్కి చూసింది. చాలాసేపు మాట్లాడింది. భవిత బల్ల మీద ముఖం పెట్టుకునే విన్నది.

"ఏమంటుంది?" అని అడగడానికి సరోజనకు ధైర్యం చాలలేదు. భవితే చెప్పింది, ముఖం ఎత్తకుండా.

"వంపుల తేడా ఆపరేషనైనోళ్లందరికి ఉండేదేనంట. కొలత ఎక్కువేం లేదంట. పిక్కకు పని చాలలేదు, అంతే అంటుంది." కాసేపు ఆగింది. "చివరి ఐదే పిక్కను పెంచేదంటమ్మా. మొదటి పది ఉత్త వేడెక్కుడేనంట. మండుతుంటే, వణుకుతుంటే చేసే ఆ ఐదే అసలైనవంట."

సరోజన బల్ల మీది శనగలను చూసింది. ఏడు వారాలు ఏరి ఏరి దాచింది సరిగ్గా వాటినే.

"ఆ చిటుకు?" అంది చివరికి. "చిటుక్కుమన్నది గదా, అదేందో అడుగు."

భవిత అడిగింది. హెదర్ తన చీలమండ తిప్పి చూపించింది. దాంట్లోంచి కూడా చిటుక్కుమని వినిపించింది.

ఫారం రాయడానికి హెదర్‌కు పది నిమిషాలు పట్టింది. జనవరి మొదటి వారం నుంచి సగం షిఫ్టులు. పూర్తి డ్యూటీకి ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. తేదీ వేసి, సంతకం పెట్టి, అక్కడి నుంచే మేనేజర్‌కు పంపింది. వెళ్లేటప్పుడు నాలుగు శనగలను సరోజన చేతిలో పెట్టింది. ఐదోది తన స్వెటర్ జేబులో వేసుకుని ఏదో అంది.

"ఇంకో పేషెంట్ తల్లికి చూపిస్తదంట," అంది భవిత. నవ్వలేదు.

ఫెర్రీలో భవిత మూడు వరసల అవతల కూర్చుంది. దిగాక కూడా ముందే నడిచింది. నల్లగా మెరిసే చోట్ల తనే బూటు రాసి చూసుకుంది. సరోజన వెనకాల, ఖాళీ చేతులతో.

*

నాలుగున్నరకే చీకటి పడుతోంది. సరోజన స్టూలూ గిన్నెలూ తీసి అటక మీద పెట్టేసింది. అన్నం వండింది గానీ పిలవలేదు. మేనేజర్ దగ్గర నుంచి మెయిల్ వచ్చిందని, జనవరి డ్యూటీ రోస్టర్‌లో పేరు వేస్తామన్నారని భవిత ఫోనులో ఎవరితోనో చెప్పడం గోడ అవతల నుంచి వినిపించింది. సరోజన గంటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ మాట తనతో చెప్పలేదు.

కాసేపటికి మెట్ల దగ్గర బూట్లు జరిగిన చప్పుడు వచ్చింది.

"అమ్మా, తెల్లదారం ఉందా?"

సరోజన సూదుల డబ్బాలోంచి దారపుండ తెచ్చింది. భవిత అప్పటికే మెట్టు పక్కన గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి ఉంది. హెదర్ కట్టిన ఎత్తే. సరోజన దారాన్ని ఒక వైపు మెట్ల కమ్మీకి ముడివేసి, రెండో వైపు గోడ మేకుకు లాగి కట్టింది. వేలితో మీటి చూసింది. బిగువుగా ఉంది.

"స్టూలు తెచ్చుకో," అంది భవిత గోడకేసి చూస్తూ.

సరోజన తెచ్చుకుంది. హెదర్ తిరిగిచ్చిన నాలుగింటికి శనగల డబ్బాలోంచి ఇంకో పదకొండు కలిపి గిన్నెలో పోసి, గిన్నెను కూతురికి అందించింది. భవిత ఒక్కొక్కటే లెక్కపెట్టి వెనక్కి ఇచ్చింది.

"ఇప్పటి నుంచి అన్నీ పైకే చెప్పు."

"చెప్త."

మడమ లేచింది. దారం కదిలింది.

"లాభం," అంది సరోజన. టక్కు. "రెండు." టక్కు. "మూడు."

ఎనిమిది దగ్గర పిక్క వణకడం మొదలైంది. పది అయింది. ఇన్నాళ్లూ ఆగిపోయిన చోటు. పదకొండుకు దారం కొద్దిగా కదిలింది, అయినా కదిలింది. పన్నెండు. మడమ పైకి పోతుంటే లోపల చిటుక్కుమంది. సరోజన వేళ్లు శనగ మీద బిగుసుకున్నాయి. మడమ పైదాకా వెళ్లి దారాన్ని నెట్టి, మెల్లగా దిగింది.

"పన్నెండు," అని ఆమె శనగ వదిలేసింది.

భవిత వీపు చెమటతో తడిసింది. పదమూడోసారి మడమ లేచింది, సగం దూరం పోయి దారానికి వేలెడు కింద ఆగి, వణికి, దిగింది.

శనగ పడిన చప్పుడు కోసం భవిత ఎదురుచూసింది. పడలేదు.

"వేసినవా?"

"వెయ్యలే. దారానికి తాకలే."

"అమ్మా, మండుతుంది."

"తెలుసు," అంది సరోజన. శనగను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఎర్రబడిన ఆ మడమ మీదనుంచి చూపు తిప్పకుండా అంది, "తాకలే బిడ్డా. మళ్ల లేపు."